గంగాళం హోదా

కొత్త ఫ్రేములో కుడి అద్దం కూర్చోవడం లేదు. ఇంకో వెంట్రుకవాసి అరగాలి. ఆమె సానరాయి మళ్ళీ తిప్పి, అద్దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా ఆనించింది. ఎక్కువ అరిగితే అద్దం గాడిలో నిలవదు, తక్కువ అరిగితే బిగించేటప్పుడు అంచు పెట్లుతుంది. ఈ రెంటికీ మధ్యనున్న చోటు కంటికి ఆనదు, వేలికే తెలుస్తుంది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి పక్కనున్న ఫోను వరసపెట్టి మోగడం మొదలుపెట్టింది.

"వదినా, నీ గిన్నెలూ బిందెలూ పిలుస్తున్నాయి," అంది కౌంటరు దగ్గర నుంచి ఆడపడుచు.

"మోగనీ. ఈ అద్దం పగిలితే గిన్నెలు వచ్చి కొత్తది కొనిపెడతాయా?"

గిన్నెలూ బిందెలూ అంటే మనుషులే. ఫోనులో ఒక మాటల ఆట ఉంది. ఒకరు పలక అంటే ఇంకొకరు చివరి అక్షరం అందుకుని కలప అనాలి, తర్వాతివాళ్ళు పడవ అనాలి. అంతే. చిన్నపిల్లలు ఆడుకునే ఆట. అయితే పెద్దవాళ్ళ చేతిలో పడ్డాక ఏ ఆటకైనా హోదాలు పుట్టుకొస్తాయి. కొత్తగా వచ్చినవాళ్ళు చెంచా. పాయింట్లు పెరిగేకొద్దీ గరిటె, గిన్నె, బిందె. అన్నిటికన్నా పైన గంగాళం. కళ్ళజోళ్ళ కొట్టు నడుపుకునే ఆమెకు అక్కడ పేరు కళ్ళజోడు, హోదా గంగాళం.

ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. ఆ రోజు ఒకసారి వచ్చిన మాటను మళ్ళీ ఎవరైనా అంటే, చూసినవాళ్ళు 'బల్ల' అని కేక వెయ్యాలి. తప్పు చేసినవాళ్ళు బల్ల ఎక్కాలి. ఎక్కడమంటే, వాళ్ళ పేరు తెర పైభాగాన చిన్న బల్ల బొమ్మ మీద నిలబడుతుంది. ఇంకొకరు తప్పు చేసి ఎక్కేదాకా అక్కడే ఉండాలి. ఆ లోపల ఎవరు ఎన్ని అన్నా అన్నిటికీ బదులు చెప్పాలి. నిజం చెప్పాలంటే సగం మంది ఆటకు వచ్చేదే ఈ బల్ల కోసం.

అద్దం టక్కుమని కూర్చుంది. స్క్రూ బిగించి, మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుగుకేసి పట్టి చూసి, అప్పుడు తీసింది ఫోను.

బల్ల మీద నిలబడి ఉన్న పేరు చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది. పోస్టుమాస్టరు. పేరు పక్కన, చెంచా.

డ్రైవరు రాస్తున్నాడు. ఈ బస్సు డ్రైవరు ఆటలోకి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు కానీ నోటి చలవతో అప్పుడే బిందె అయ్యాడు. "తమ్ముడూ చెంచా! 'వరద' పొద్దున్నే వచ్చి వెళ్ళిపోయింది. నువ్వు ఇప్పుడు గొడుగేసుకుని వస్తే ఎలా? ఎక్కు బల్ల!"

"ఎక్కాను అన్నా," అని రాశాడు పోస్టుమాస్టరు. "కానీ బల్ల ఊగుతోంది."

"ఊగేది బల్ల కాదు, నీ కాళ్ళు," అని అందుకుంది బ్యాంకులో పనిచేసే క్యాషియరమ్మ.

"చెంచాలు ముందు నియమాలు చదువుకుని రావాలి," అని ఇంకెవరో. దాని కింద పళ్ళికిలించే బొమ్మలు బారెడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఆయన్ని పట్టుకుని చెంచా అనడమా? ఆ చెంచా అనే మాట పుట్టిందే ఆయన నోట్లోంచి. అప్పుడు ఆట ఇంత రంగులతో ఉండేది కాదు, ఒక తెల్ల పేజీ, దాని మీద నల్ల అక్షరాలు. దాన్ని గది అనేవాళ్ళు. వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే ఉండేవాళ్ళు. ఒక మాట పంపితే అది తెర మీదికి రావడానికి ముక్కుతూ మూలుగుతూ అంతసేపు పట్టేది, ఆ లోపల ఆమె ఓ ఫ్రేముకు ముక్కు బిళ్ళలు మార్చేసేది. ముసురు పట్టి గిరాకీ లేని ఒక మధ్యాహ్నం ఆమె తప్పు మీద తప్పు చేస్తుంటే, "నువ్వింకా చెంచావమ్మా, నీలో ఎంతని పడుతుంది?" అన్నాడు పోస్టుమాస్టరు. "మీరు గంగాళం మరి! మోత తప్ప లోపల ఏమీ లేదు," అందామె. ఆ సాయంత్రానికల్లా గదిలో అందరికీ ఒక్కో గిన్నె దక్కింది. నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ కొట్టు మూసిన రోజు అది. అలాంటి రోజులు ఎన్ని! ఇప్పుడు తలుచుకుంటే, అప్పుడు అంత తీరిక ఎక్కడిదా అనిపిస్తుంది. తీరిక ఇప్పుడూ ఉంది. ఆ మనుషులే లేరు.

కిందటేడు పోస్టుమాస్టరు గదికి రావడం మానేశాడు. భార్య పోయిందని నర్సమ్మ చెప్పింది. ఆవిడా పాత గది మనిషే. తర్వాత ఆయనకు రెండు కళ్ళకూ ఆపరేషన్ అయిందని తెలిసింది. ఈ మధ్యే గదిని మూసేసి, ఆటను కొత్త యాప్‌లోకి మార్చారు. ఏడాదిగా రానివాళ్ళ పాయింట్లన్నీ ఆ మార్పిడిలో ఎగిరిపోయాయి. ఇన్నాళ్ళకు ఆయన పోస్టుమాస్టరు అన్న పాత పేరుతోనే మళ్ళీ చేరితే, యాప్ ఆయన చేతిలో చెంచా పెట్టింది.

"ఏంటి వదినా, మొహం అలా పెట్టావ్?"

"కొట్లో పెద్దవాడొస్తే లేచి నిలబడమని నీకు నేను నేర్పానా?"

"లేదు. నాకే తెలుసు."

"వీళ్ళకి ఎవరూ నేర్పలేదు," అంది ఆమె.

*

మర్నాడు పొద్దున్నే యాప్ తయారుచేసిన ఇంజినీరుకు ఫోను చేసింది. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, వేడి ఇసుక గిన్నెలో ఒక ప్లాస్టిక్ ఫ్రేమును అటూ ఇటూ తిప్పుతోంది. కాస్త మెత్తబడితే తప్ప కాడ వంగదు.

"అక్కా, రూలు అందరికీ ఒకటే కదా," అన్నాడు ఇంజినీరు.

"రూలు పెట్టింది నువ్వే కదా నాయనా. నీ రూలు పుట్టకముందు ఆయన గంగాళం."

"ఆయనేమీ అడగలేదక్కా. నిన్నటి నుంచీ బల్ల మీదే ఉన్నాడు. హాయిగానే ఆడుతున్నట్టున్నాడు."

"పరువున్న మనిషి నోరు తెరిచి అడుగుతాడా? మనమే చూసుకోవాలి."

ఇంజినీరు కాసేపు నసిగి, చివరికి సరేనన్నాడు. ఒకసారి గంగాళం చేస్తే మళ్ళీ కిందికి దించడానికి యాప్‌లో వీల్లేదని, ఆలోచించుకోమని కూడా అన్నాడు. "దించమని ఎవరడుగుతారు?" అందామె.

అంతటితో ఆగితే బాగానే ఉండేది. కానీ కడుపులో మంట చల్లారలేదు. కూర్చుని పెద్ద ఉత్తరమంత రాసింది. 'మీరు తమ్ముడూ అంటున్న మనిషికి మీ నాన్నగారి వయసుంటుంది. ఈ గిన్నెల పేర్లన్నీ పెట్టింది ఆయనే. ఈ బల్ల కూడా ఆయన వేసిందే. కిందటేడు ఆయన భార్య పోయారు. కళ్ళకు ఆపరేషన్ అయింది. ఇన్నాళ్ళకు కాస్త మనసు మళ్ళించుకుందామని వస్తే, మీరు బల్ల ఎక్కించి పళ్ళికిలిస్తున్నారు. సిగ్గనిపించడం లేదూ?' ఒకసారి చదువుకుంది. ఒక్క అక్షరం కూడా తీసెయ్యాలనిపించలేదు. పంపేసింది.

కాసేపటికి ఒక్కొక్కరే మొదలుపెట్టారు. "క్షమించండి సార్, తెలియక అన్నాం," అని క్యాషియరమ్మ. "మీకు కలిగిన కష్టానికి చాలా విచారిస్తున్నాం," అని ఇంకొకరు. డ్రైవరు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి, ఆ తర్వాత మాట్లాడలేదు. మధ్యాహ్నానికల్లా పోస్టుమాస్టరు పేరు పక్కన గంగాళం వచ్చేసింది. ఇంకెవరూ తప్పు చెయ్యకుండానే బల్ల మీద నుంచి కూడా దించేశారు.

ఆ రోజు ఆమె పని చేస్తూ కూనిరాగం తీసింది. ఆడపడుచు వింతగా చూసింది. ఆ గొంతు విని చాలా రోజులైంది.

పోస్టుమాస్టరు మాత్రం సాయంత్రం ఒక్క మాట రాశాడు. "అందరికీ ధన్యవాదాలు."

*

మూడో రోజు ఆట ఎప్పటిలాగే మొదలైంది. కానీ ఎక్కడో సాన తప్పింది. ఎవరో పలక అన్నారు, ఎవరో కలప అన్నారు, అందరూ పద్ధతిగా పడవ దాకా వచ్చారు. అక్కడ పోస్టుమాస్టరు వచ్చి "వల" అన్నాడు. "చక్కటి మాట సార్," అంది క్యాషియరమ్మ. వలలో చక్కదనం ఏముందో ఆవిడకే తెలియాలి. "మీరు కానివ్వండి సార్, మేం తర్వాత ఆడతాం," అని మరొకరు పక్కకు తప్పుకున్నారు. మామూలుగా అయితే ఒకరి మీద ఒకరు పడి తోసుకునే చోట, చావింటికి వచ్చినవాళ్ళలా అందరూ ఒద్దికగా కూర్చున్నారు. డ్రైవరు అసలు రానేలేదు.

"నేను గంగాళాన్ని కదా, ఎవరైనా నన్ను కాస్త మోగించండి," అని రాశాడు పోస్టుమాస్టరు.

దానికి నాలుగు నమస్కారాలు వచ్చాయి.

ఆయన ఇంకో రెండు మాటలు ఆడి వెళ్ళిపోయాడు. ఆకలి ఉన్నా లేదని చెప్పి విస్తరి ముందు నుంచి లేచినట్టు లేచాడనిపించింది ఆమెకు. ఎందుకనిపించిందో తెలియలేదు. మర్యాద చేస్తున్నారు కదా, ఇంకేం కావాలి?

ఆ సాయంత్రమే ఆయన కొట్టుకు వచ్చాడు.

ఆపరేషన్ తర్వాత డాక్టరు రాసిన కొత్త కళ్ళజోడు ఆమె దగ్గరే చేయించుకుంటానని నర్సమ్మతో ముందే చెప్పి పంపాడు. అద్దాలు తయారుగానే ఉన్నాయి. మనిషిని ఆమె ఇంతకుముందు ఒకటి రెండుసార్లే చూసింది. అప్పుడు వెంట భార్య ఉండేది. "ఈయన చెప్పే మాటల్లో సగం నావేనమ్మా, వంటింట్లోంచి అరిచి చెబుతాను," అని ఆవిడ నవ్వడం గుర్తు. ఇప్పుడు ఒక్కడే వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు సరిగ్గా పక్కపక్కన పెట్టి, స్టూలు మీద కూర్చున్నాడు.

ఆమె కొత్త జోడు ఆయన ముక్కు మీద పెట్టి, వెనక్కి జరిగి చూసింది. ఎడమ వైపు కాస్త ఎత్తుగా ఉంది. అందరి చెవులూ ఒక ఎత్తులో ఉండవు. తీసి, కాడను వేడి ఇసుకలో ముంచింది.

"నా మీద కోపమొచ్చిందా?" అంది, ఇసుకకేసి చూస్తూనే.

"నీ మీద కోపమెందుకమ్మా? నాకు పెద్దపీట వేశావు."

"మరి ఇవాళ మధ్యలోనే వెళ్ళిపోయారేం?"

కళ్ళజోడు లేని ఆయన మొహం కడిగిన పలకలా ఉంది.

"పీట మీద కూర్చున్నవాడితో ఎవరాడతారమ్మా?" అన్నాడు. "ఆవిడ పోయినప్పటి నుంచీ ఇంట్లో అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. కోడలు అన్నం పెడుతూ గొంతు తగ్గిస్తుంది. మావాడు టీవీ సౌండు తగ్గిస్తాడు. కూరల కొట్టువాడితో బేరమాడితే, వాడు కూడా నా మొహం చూసి, మీరు ఎంతంటే అంతే సార్ అంటాడు. వాడితో బేరమాడటం ఎంత సరదాగా ఉండేదో తెలుసా?"

ఆమె కాడను ఇసుకలోంచి తియ్యబోతూ ఆగింది.

"అందరూ మంచివాళ్ళే. తప్పు పట్టను. కానీ ఏడాదిగా నన్నెవరూ ఒక్క మాట ఎగతాళిగా అనలేదమ్మా. మొన్న ఆ డ్రైవరు, ఎవడో ఏమిటో, నన్ను పట్టుకుని తమ్ముడూ అన్నాడు! గొడుగేసుకుని వచ్చావా అన్నాడు! నేను పైకే నవ్వాను. గట్టిగా నవ్వాను. పక్క గదిలోంచి కోడలు పరిగెత్తుకొచ్చింది, నాకేమైనా అయిందేమోనని."

"నేను చదివాను," అంది ఆమె. "చదివి నాకు ఒళ్ళు మండింది."

"నాకు చల్లగా అనిపించింది," అన్నాడు ఆయన. "నేనెవర్నో, నా ఇంట్లో ఏం జరిగిందో తెలియని చోటు అదొక్కటే మిగిలింది. ఇప్పుడు అక్కడా తెలిసిపోయింది."

ఇసుకలో కాడ మరీ వేడెక్కుతోందని ఆమెకు ఆలస్యంగా తట్టింది. చప్పున తీసింది. కాస్తలో తప్పింది. వేళ్ళు చురుక్కుమన్నా విదిలించుకోలేదు. ఆయన మేలు కోరి చేసిన పని ఆయన్ని తీసుకెళ్ళి మళ్ళీ ఆ ఇంట్లోనే కూర్చోబెట్టింది. చెంచా అన్నందుకు వాళ్ళ మీద మండిపడింది కానీ, నిజంగా ఆయన చేతిలోది లాక్కున్నది తనే. ఏడుపొచ్చింది. కొట్లో ఏడవడం అలవాటు లేక, ముక్కు బిళ్ళ సరిచేస్తున్నట్టు తల వంచుకుంది.

"రేపు రండి," అంది.

"వచ్చి ఏం చెయ్యను? నమస్కారాలు అందుకుంటూ కూర్చోనా?"

ఆమె కళ్ళజోడు మళ్ళీ ఆయనకు పెట్టి, చెవి వెనక వేలితో తడిమి చూసింది. సమంగా ఉంది. ఆయన అద్దంలో చూసుకుని, వీధిలోకి చూసి, ఎదురుగా ఉన్న బోర్డులన్నీ తీరిగ్గా చదివాడు. "బాగా కనిపిస్తోందమ్మా," అన్నాడు. ఆమె ఎంత వద్దన్నా మెట్లు దిగి ఒక్కడే వెళ్ళిపోయాడు.

*

మర్నాడు ఆమె అద్దాల పని పెట్టుకోలేదు. చెయ్యి నిలకడగా లేనప్పుడు అద్దం ముట్టుకోకూడదు. పాత ఫ్రేముల్లో స్క్రూలు బిగిస్తూ, కాసేపటికోసారి ఫోనుకేసి చూస్తూ కూర్చుంది.

ఆట నడుస్తోంది. పలక, కలప, పందిరి. అందరూ వస్తున్నారు, పోతున్నారు. డ్రైవరు కూడా వచ్చాడు కానీ నోట్లో నీళ్ళు పోసుకున్నట్టే ఉన్నాడు. ఆయన రాడనుకుంది. రాకపోతే అది తన వల్లే అనుకుంది.

నర్సమ్మ "మరక" అన్న తర్వాత పోస్టుమాస్టరు వచ్చాడు. "కలప" అన్నాడు.

కలప పొద్దున్నే వచ్చేసింది. అందరూ చూశారు. ఎవరూ బల్ల అనలేదు. క్యాషియరమ్మ ఏమీ ఎరగనట్టు "పడక" అని కొనసాగించింది.

కాసేపటికి ఎవరో "రవిక" అన్నారు. పోస్టుమాస్టరు మళ్ళీ "కలప" అన్నాడు.

"మంచి మాట సార్," అని రాశాడు డ్రైవరు.

ఆమె చేతిలోంచి స్క్రూ జారి కింద పడింది. అంత చిన్న స్క్రూ ఒకసారి పడితే మళ్ళీ దొరకదు. అయినా వంగి వెతకలేదు. ఆయనతో ఇన్నేళ్ళు ఆడింది. ఒక మాటను రెండుసార్లు వాడే మనిషి కాదు. మొదటి రోజు వరద పొరపాటున పడి ఉంటుంది. ఇది పొరపాటు కాదు. కావాలనే చేస్తున్నాడు. ఎవరైనా పట్టుకుంటారేమోనని చూస్తున్నాడు.

"ఎవరో ఒకరు అనొచ్చు కదా!" అంది పైకే.

"ఏమని?" అంది ఆడపడుచు.

చెప్పింది. ఆడపడుచు వింటూ వింటూ ఒక ఫ్రేము పెట్టెలో పెట్టి మూత వేసింది.

"వాళ్ళెవరంటారు వదినా? అందరి నోళ్ళూ కుట్టేసింది నువ్వేగా. కుట్లు నువ్వే విప్పాలి."

"భార్య పోయిన మనిషి అని నేనే రాశాను. సిగ్గు లేదా అని తిట్టాను. ఇప్పుడు నేనే ఎగతాళి చేస్తే వాళ్ళు నన్నేమనుకుంటారు?"

"వాళ్ళేమనుకుంటే నీకెందుకు? ఆయనేమనుకుంటాడో చూడు."

తెర మీద ఎవరో "చిలక" అన్నారు. దాని కింద చాలాసేపు ఏమీ రాలేదు. అందరూ ఆయనకే వదిలేశారు. తర్వాత, నెమ్మదిగా, మళ్ళీ వచ్చింది.

"కలప."

ఇదే ఆఖరిసారి అని ఆమెకు తెలిసిపోయింది. ఇప్పుడు కూడా నమస్కారమే వస్తే ఆయన లేచి వెళ్ళిపోతాడు, ఇక రాడు. ఫోను దగ్గరికి లాక్కుంది. గారు అని రాసి చెరిపేసింది. ముసురు పట్టిన ఆనాటి మధ్యాహ్నం తనకెంత పొగరుండేదో అంతా కూడదీసుకుని రాసింది.

"ఏమయ్యా పోస్టుమాస్టరూ! పొద్దుటి నుంచీ ఆ ఒక్క కలపే మోసుకుని తిరుగుతున్నారు, భుజం నొప్పెయ్యడం లేదూ? గంగాళమైతే మాత్రం! దించండి కలప. ఎక్కండి బల్ల!"

పంపింది. ఫోను బోర్లా పెట్టేసింది. చూడటానికి ధైర్యం చాలలేదు.

ఆడపడుచు కౌంటరు వదిలి వచ్చి పక్కన నిలబడింది. ఫోను ఒక్కసారి మోగింది. ఆడపడుచే ఫోను తిప్పి చూసి, వదినకిచ్చింది.

పోస్టుమాస్టరు రాశాడు. "హమ్మయ్య! ఎవరూ బల్ల వెయ్యకపోతే, ఈ కలపతో నేనే ఒకటి చేయించుకుందామని కూడబెడుతున్నాను!"

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తుడుచుకునే లోపలే మళ్ళీ మోగింది. డ్రైవరు.

"బాబాయ్, తెచ్చిన కలప ఎలాగూ తెచ్చావు, కాస్త గట్టి బల్ల చేయించు. నువ్వు దిగేలా లేవు."

"నువ్వు రాగానే దిగిపోతానురా అబ్బాయ్, నీకోసమే చేయిస్తున్నా," అని రాశాడు ఆయన. క్యాషియరమ్మ వచ్చింది, నర్సమ్మ వచ్చింది, ఎవరి మాట ఎవరికి బదులో తెలియకుండా తెర నిండిపోయింది. గుమ్మంలో ఎవరో గిరాకీ వచ్చి నిలబడ్డారు. ఆడపడుచు వాళ్ళను కూర్చోమని, "ఒక్క నిమిషం ఆగండి, మా వదిన పనిలో ఉంది," అంది.